మూత బెజ్జం వదలాలి, బాడీ బెజ్జం పట్టాలి: ఫ్రీక్యాడ్‌లో స్క్రూలతో భాగాలు కలపడం

మొగల్తూరు అవతల మా బావ వాళ్ల రొయ్యల చెరువు గట్టున, ఒక సరుగుడు గుంజకి నేను చేసిచ్చిన అలారం డబ్బా ఉంటుంది. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లకు కరెంటు పోయినా, మోటారు ట్రిప్పయినా ఫోనుకు మెసేజ్ పంపడం దాని పని. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. ఆ వేళ ఏరేటర్ ఆగిందంటే ఎవరో ఒకరు లేచి పరుగెత్తాలి. సర్క్యూట్ బాగానే పనిచేసింది. పరువు తీసింది మూత.

మొదటి డబ్బాకి బాడీ ఒక ఫైల్లో, మూత ఇంకో ఫైల్లో గీశాను. బెజ్జాల కొలతలు అక్కడ చూసి ఇక్కడ కొట్టాను. తర్వాత బ్యాటరీ పట్టడం లేదని బాడీ వెడల్పు 4 మి.మీ. పెంచాను. మూత కూడా పెంచాను. మూతలోని బెజ్జాలు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ప్రింటయ్యాక చూస్తే ఒక్క స్క్రూ సూటిగా దిగదు. గుండ్రటి ఆకురాయితో బెజ్జాలు సాగదీసి ఎలాగోలా బిగించాను. రెండు నెలలు తిరగకముందే స్క్రూల దగ్గర ప్లాస్టిక్ చీలింది, చీలికలోంచి ఉప్పునీళ్లు దిగాయి. బావ డబ్బా తెరిచి చూసి, "డబ్బాలో ఇంకో చెరువు తవ్వావేంట్రా?" అన్నాడు.

రెండో డబ్బా గీసిన పద్ధతే ఇక్కడ చెబుతున్నాను. నేను వాడేది ఫ్రీక్యాడ్ 1.0, కంప్యూటర్లో భాగాలు కొలతలతో గీసే సాఫ్ట్‌వేర్. ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లో కూడా చాలావరకు నడుస్తుంది. బెజ్జాలు కొట్టడానికి ఇలాంటివే అయిన ఫ్యూజన్‌లో హోల్ కమాండ్, సాలిడ్‌వర్క్స్‌లో హోల్ విజార్డ్ చేసేది కూడా ఇదే పని. బటన్లు వేరు, లెక్క ఒకటే.

ముందు షాపు, తర్వాత మౌస్

చాలామంది డబ్బా మొత్తం గీసేసి, చివర్లో నాలుగు మూలలా నాలుగు గుండ్రాలు పెట్టి "స్క్రూ ఏదో ఒకటి దొరుకుతుందిలే" అంటారు. దొరకదు. దొరికినా పొడవు సరిపోదు. ముందు హార్డ్‌వేర్ షాపుకెళ్లి ఏం దొరుకుతుందో చూసి, ఒక డజను కొని టేబుల్ మీద పెట్టుకోండి. డిజైన్ దాని చుట్టూ పెరగాలి.

నేను ఎంచుకున్నది ఎం4 (అంటే 4 మి.మీ. వ్యాసం), అలెన్ తల (ఆరుమూలల గుంత ఉన్నది), 16 మి.మీ. పొడవు. ఎం3 కూడా ఈ డబ్బాకి బలం సరిపోతుంది కానీ గట్టు మీద, చీకట్లో, తడి చేతులతో ఎం3 స్క్రూ పట్టుకోవడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. ఒకటి బురదలో పడితే ఇక అంతే. ఇంకో మాట: డబ్బా మొత్తానికి ఒకటే సైజు పెట్టండి. ఎం3కి 2.5 మి.మీ. అలెన్ కీ కావాలి, ఎం4కి 3 మి.మీ.ది. రెండు సైజులు కలిపి వాడిన ఒక డబ్బా కోసం నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వైపు వెళ్లి, జేబులో ఒక్క కీ మాత్రమే ఉందని గుర్తొచ్చి, మళ్లీ అదే పంటు మీద వెనక్కి వచ్చినవాణ్ణి నేను.

స్క్రూ లోహం సంగతి. ఉప్పునీటి చెరువుల దగ్గర జింకు పూత స్క్రూలు ఒక పంటకాలం కూడా ఆగవు, తలలోని ఆరుమూలల గుంత తుప్పుతో గుండ్రంగా అరిగిపోతుంది. స్టెయిన్‌లెస్‌లో రెండు రకాలు మామూలుగా దొరుకుతాయి. ఏ2 అంటే 304, ఏ4 అంటే 316. ఉప్పు ఉన్నచోట ఏ4 తీసుకోండి. అయస్కాంతం పెట్టి తేడా పట్టేద్దాం అనుకోకండి, రెండూ దాదాపు అంటుకోవు. పెద్ద స్క్రూల తల మీద ఏ4-70 లాంటి ముద్ర ఉంటుంది. ఎం4 లాంటి చిన్నవాటి మీద ఉండకపోవచ్చు, కాబట్టి పెట్టె మీద చదివి కొనాలి.

ఒకే స్క్రూ, రెండు రకాల బెజ్జాలు

ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే మిగతాదంతా బటన్లు నొక్కడమే.

స్క్రూ రెండు భాగాల్లోంచి పోతుంది. మొదటి భాగంలో, అంటే మూతలో, అది ఎక్కడా పట్టకూడదు. వదులుగా జారిపోవాలి. రెండో భాగంలో, అంటే బాడీలో, మర పట్టుకోవాలి. అప్పుడే స్క్రూ తల మూతను కిందికి నొక్కుతుంది, మర బాడీని పైకి లాగుతుంది, మధ్యలో నీళ్లు దిగకుండా పెట్టే రబ్బరు సీలు నలుగుతుంది. రెండింటిలోనూ మర పడితే? మూత ఎంత సందుతో మొదలైందో అంత సందుతోనే ఉండిపోతుంది. స్క్రూ ఎంత తిప్పినా సందు మూయదు. అప్పుడు మనం కోపం కొద్దీ ఇంకా తిప్పుతాం, ప్లాస్టిక్ పగులుతుంది. 

వదిలే బెజ్జానికి ప్రామాణిక కొలతలున్నాయి. మామూలు వదులు కావాలంటే ఎం3కి 3.4, ఎం4కి 4.5, ఎం5కి 5.5, ఎం6కి 6.6 మి.మీ. బిగుతుగా కావాలంటే ఇవే వరుసగా 3.2, 4.3, 5.3, 6.4. త్రీడీ ప్రింటర్లో చిన్న బెజ్జాలు గీసినదానికంటే కాస్త బిగుతుగానే వస్తాయి కాబట్టి మనకు మామూలు వదులే మేలు. అవసరమైతే ప్రింటయ్యాక డ్రిల్ బిట్ చేత్తో తిప్పితే సరి.

పట్టే బెజ్జం దగ్గరే అసలు నిర్ణయం. దారులు నాలుగు. లోహంలో అయితే డ్రిల్ కొట్టి ట్యాప్ వేయడం, అంటే మర కోయడం. ఎం3కి 2.5, ఎం4కి 3.3, ఎం5కి 4.2, ఎం6కి 5 మి.మీ. డ్రిల్. ఇనుములో మర లోతు స్క్రూ వ్యాసానికి సమానంగా ఉంటే చాలు. అల్యూమినియంలో ఒకటిన్నర రెట్లు పైన ఉండాలి. ప్లాస్టిక్‌లో అయితే సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ నేరుగా ఎక్కించవచ్చు. బెజ్జం స్క్రూ బయటి వ్యాసంలో 80–85 శాతం, చుట్టూ ఉండే దిమ్మె వ్యాసం స్క్రూకి రెండు నుంచి రెండున్నర రెట్లు. చౌక, కానీ నాలుగైదుసార్లు విప్పి బిగిస్తే మర అరిగి గాల్లో తిరుగుతుంది. మూడోది నట్టుని ప్లాస్టిక్‌లో ఆరుమూలల గుంతలో కూర్చోబెట్టడం. ఎం4 నట్టు అంచు నుంచి అంచుకి 7 మి.మీ., మందం 3.2; గుంతకి 0.2–0.3 అదనంగా ఇవ్వాలి. ఇది నమ్మకమైన దారే, మన పల్లె షాపులో దొరికే వస్తువుతోనే అయిపోతుంది. కాకపోతే నట్టు కింద పడిపోకుండా చూసుకోవాలి.

నాలుగోది ఇత్తడి ఇన్సర్టు. బయట గరుకు గాట్లు, లోపల మర ఉన్న చిన్న ఇత్తడి గొట్టం. దీన్ని సోల్డరింగ్ ఐరన్‌తో వేడిచేసి ప్లాస్టిక్‌లోకి దింపుతారు. చెరువు డబ్బా ప్రతి పంటకీ ఒకటి రెండుసార్లు తెరుస్తారు కాబట్టి నేను దీన్నే ఎంచుకున్నాను. నా దగ్గరున్న ఎం4 ఇన్సర్టు పొడవు 8 మి.మీ., దానికి బెజ్జం 5.6 మి.మీ. ఇన్సర్టు కొలతలు కంపెనీ కంపెనీకీ మారతాయి. మీ ప్యాకెట్‌తో వచ్చిన చార్టు చూసుకోండి, లేదా కాలిపర్‌తో కొలవండి.

లెక్క కాగితం మీద

గీసే ముందు పొడవుల లెక్క. మూత మందం 6, వాషర్ 0.8, మొత్తం 6.8 మి.మీ. 16 మి.మీ. స్క్రూలో బాడీలోకి దిగేది 9.2. ఇన్సర్టు 8 కాబట్టి పూర్తిగా నిండి, కింద ఇంకో 1.2 బయటికి వస్తుంది. బెజ్జం లోతు 14 పెట్టాను. ఎందుకు అంత? షాపులో 16 అయిపోయి 20 మాత్రమే ఉంటే? 20 లోంచి 6.8 తీస్తే 13.2, అదీ పడుతుంది. బెజ్జం అడుగు తగలకముందే మూత బిగుస్తుంది. పల్లెల్లో వాడే వస్తువుకి ఈ మాత్రం ఉదారం ఉండాలి. మనం లేనప్పుడు ఎవరు ఏ స్క్రూ పెడతారో మనకేం తెలుసు?

డబ్బా లోపలి ఖాళీ 100 × 60. గోడ 3, కాబట్టి బయటి కొలత 106 × 66, ఎత్తు 50. పైన చుట్టూ 134 × 94 అంచు, మందం 6. స్క్రూలు 122 × 82 దీర్ఘచతురస్రం మీద. మూలల్లో నాలుగు, పొడుగు వైపు మధ్యలో ఒక్కోటి, మొత్తం ఆరు. నాలుగింటితో సరిపెడితే పొడుగు వైపు 122 మి.మీ. దూరంలో మూత మధ్యలో ఉబ్బుతుంది, సీలు అక్కడ నలగదు.

సీలు స్క్రూల లోపలి వైపు పరిగెత్తాలి. స్క్రూ బెజ్జంలోకి నీళ్లు దిగినా అవి డబ్బా లోపలికి దారి లేక అక్కడే ఆగుతాయి. దీన్ని తిరగేస్తే, అంటే స్క్రూలు సీలు లోపల ఉంటే, ఆరు స్క్రూలు ఆరు కన్నాలే.

అన్నిటికీ ఒకే జాడ

ఫ్రీక్యాడ్ తెరిచి కొత్త ఫైలు. ముందు స్ప్రెడ్‌షీట్ వర్క్‌బెంచ్‌లోకి (ఫ్రీక్యాడ్‌లో ఒక్కో రకం పనికి ఒక్కో పనిముట్ల పెట్టె, దాన్నే వర్క్‌బెంచ్ అంటారు) వెళ్లి ఒక షీటు తయారుచేయండి. లోపలి పొడవు, వెడల్పు, గోడ మందం, మూత మందం, స్క్రూల మధ్య దూరాలు, ఒక్కో గడిలో ఒక్కటి. ప్రతి గడికీ ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ముద్దు పేరు ఇవ్వాలి. గడి ప్రాపర్టీస్‌లో అలియాస్ అనే చోటు అందుకే. స్క్రూల దూరాన్ని విడి అంకెగా కాకుండా లోపలి పొడవుకి 22 కలిపినట్టు సూత్రంగా రాయండి. రేపు బ్యాటరీ మారి డబ్బా పెరిగితే స్క్రూలు వాటంతట అవే జరుగుతాయి. నా మొదటి తప్పుకి మందు ఇదే.

ఇప్పుడు ఏ బాడీలోనూ (ఫ్రీక్యాడ్ ఒక్కో విడి భాగాన్నీ బాడీ అంటుంది, మూత కూడా దానికి ఒక బాడీయే) లేకుండా, ఎక్స్‌వై తలం మీద ఒక స్కెచ్. అందులో ఆరు చిన్న గుండ్రాలు, వాటి కేంద్రాలు షీటులోని దూరాలతో కట్టినవి. దీనికి "స్క్రూ జాడ" అని పేరు పెట్టాను. గుండ్రాల సైజు ఎంతైనా ఫర్వాలేదు, హోల్ కమాండ్ కేంద్రాలను మాత్రమే తీసుకుంటుంది. కొలత తన పెట్టెలోంచి వేసుకుంటుంది. అన్నీ ఒకే సైజులో ఉండేలా ఈక్వల్ కట్టు వేయండి, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది.

బాడీలోనూ మూతలోనూ బెజ్జాలు ఈ ఒక్క జాడ నుంచే పుట్టాలి. ఎక్కడా రెండోసారి కొలత కొట్టకూడదు. చేయి దురద పెట్టినా సరే.

బాడీ

పార్ట్ డిజైన్ వర్క్‌బెంచ్‌లోకి వచ్చి కొత్త బాడీ. ఎక్స్‌వై తలం మీద 106 × 66 దీర్ఘచతురస్రం, మూలబిందువుకి సమానంగా రెండు వైపులా. ప్యాడ్ (గీసిన ఆకారాన్ని మందంగా లేపడం) 50. తర్వాత మళ్లీ ఎక్స్‌వై తలం మీదే ఇంకో స్కెచ్, కానీ దాని అటాచ్‌మెంట్ ఆఫ్‌సెట్‌లో జెడ్ 50 ఇవ్వండి. 134 × 94, ప్యాడ్ 6, రివర్స్‌డ్ టిక్ పెడితే అంచు కిందికి పెరుగుతుంది.

పై ముఖాన్ని క్లిక్ చేసి దాని మీదే స్కెచ్ గీయవచ్చు కదా అనిపిస్తుంది. గీయవచ్చు. కానీ ముఖాల పేర్లు మోడల్ మారినప్పుడల్లా తారుమారై స్కెచ్‌లు ఎగిరిపోయే జబ్బు ఫ్రీక్యాడ్‌కి చాలా ఏళ్లు ఉండేది. 1.0లో బాగా తగ్గింది. అయినా మూల తలాలనే పట్టుకుని ఆఫ్‌సెట్ ఇవ్వడం నాకు అలవాటు, మీకూ అదే చెబుతాను.

ఇప్పుడు జాడని లోపలికి తేవాలి. బాడీని యాక్టివ్‌గా ఉంచి, చెట్టులో, అంటే తెర పక్కన ఉండే భాగాల జాబితాలో, స్క్రూ జాడని ఎంచుకుని సబ్‌షేప్ బైండర్ నొక్కండి. అదే జాడకి నీడ లాంటిది బాడీలో కనిపిస్తుంది. జెడ్ 50 దగ్గర కొత్త స్కెచ్ తెరిచి, ఎక్స్‌టర్నల్ జామెట్రీతో ఆ నీడ గుండ్రాలను లాగి, వాటి కేంద్రాల మీద 11 మి.మీ. గుండ్రాలు గీయండి. ప్యాడ్ 16, కిందికి. ఇవి స్క్రూ దిమ్మెలు: 14 లోతు బెజ్జం, అడుగున 2 మి.మీ. నేల. తర్వాత 100 × 60 స్కెచ్, పాకెట్ (ఆ ఆకారంలో తవ్వడం) 47. అడుగున 3 మి.మీ. మిగులుతుంది.

కేబుల్ గ్లాండ్ (వైరు చుట్టూ నీళ్లు దిగకుండా బిగించే బిరడా) బెజ్జం కింది ముఖంలోనే పెట్టండి. పీజీ7 గ్లాండ్‌కి 12.5 మి.మీ. వైరు పక్కనుంచి వస్తే వాన దాన్ని పట్టుకుని లోపలికి నడిచొస్తుంది.

హోల్ పెట్టె, ఒక్కో గడీ

జెడ్ 50 దగ్గర ఇంకో స్కెచ్, అందులో బైండర్ కేంద్రాల మీద మళ్లీ ఆరు గుండ్రాలు. స్కెచ్ మూసి హోల్ నొక్కితే ఎడమ వైపు పెద్ద పెట్టె తెరుచుకుంటుంది. మొదటిసారి చూస్తే భయమేస్తుంది, అంత టెన్షన్ అక్కర్లేదు.

ప్రొఫైల్ అన్న చోట మర రకం అడుగుతుంది. మనం ఇన్సర్టు దింపుతున్నాం, అది మర బెజ్జం కాదు, ఉత్త గుండ్రటి బెజ్జం. కాబట్టి నన్ అని పెట్టి వ్యాసం 5.6, లోతు 14. డ్రిల్ పాయింట్ ఫ్లాట్. యాంగిల్డ్ అన్నది డ్రిల్ బిట్ కొన వల్ల అడుగున మిగిలే శంకువు. లేత్ షాపులో లోహం మీద చేయించేటప్పుడు అది పెట్టండి, లేకపోతే బొమ్మలో లేని కన్నం అడుగు భాగంలో పడుతుంది. ప్రింటర్‌కి కొన ఉండదు.

లోహంలో ట్యాప్ వేసే బెజ్జమైతే ప్రొఫైల్ ఐఎస్ఓ మెట్రిక్, సైజు ఎం4, థ్రెడెడ్ టిక్. పక్కనే మోడల్ థ్రెడ్ అని ఊరించే టిక్ ఒకటుంటుంది. నొక్కితే బెజ్జంలో నిజం మరలు మెలికలు తిరిగి కనిపిస్తాయి, చూడముచ్చటగా. దాన్ని ముట్టుకోకండి. ఆరు బెజ్జాలకి మరలు లెక్కగట్టడానికి నా ల్యాప్‌టాప్ ఫ్యాను విమానంలా మోగింది. పైగా ఎం4 మర పిచ్ (చుట్టుకీ చుట్టుకీ దూరం) 0.7 మి.మీ., 0.2 పొరలతో ముద్రించే ప్రింటర్ ఆ మరని ముద్దగా చేస్తుంది. లేత్ షాపువాళ్లకీ ఆ మెలికలు అక్కర్లేదు, డ్రాయింగ్‌లో ఎం4 అన్న మాట చాలు.

బెజ్జం పైకి పోతూ కనిపించిందా, లేక ఏమీ కొట్టలేదని ఎర్రర్ వచ్చిందా? రివర్స్‌డ్ టిక్ మార్చి చూడండి.

మూత, దాని చోట్లోనే

అదే ఫైల్లో రెండో బాడీ. మూతని విడిగా నేల మీద గీయకండి. జెడ్ 50 దగ్గర 134 × 94 గీసి పైకి 6 ప్యాడ్ చేస్తే అది బాడీ మీద కూర్చునే పుడుతుంది. ఇక అసెంబ్లీ చేయకుండానే రెండూ కలిసి ఎలా ఉన్నాయో కనిపిస్తుంది.

ఈ బాడీలోకి కూడా అదే స్క్రూ జాడకి బైండర్. జెడ్ 56 దగ్గర గుండ్రాలు, హోల్. ఈసారి ప్రొఫైల్ మెట్రిక్, సైజు ఎం4, థ్రెడెడ్ టిక్ తీసేయాలి. క్లియరెన్స్ నార్మల్. వ్యాసం 4.5 అని అదే వేసుకుంటుంది. లోతు త్రూ ఆల్. ఈ 4.5కి ఇంకో లాభం ఉంది. మూత బెజ్జం ఇన్సర్టు బయటి వ్యాసం కంటే చిన్నది కాబట్టి, బిగించేటప్పుడు ఇన్సర్టు పైకి లేచి వచ్చేయకుండా మూతే దాన్ని నొక్కిపెడుతుంది. "ఎందుకైనా మంచిది" అని మూత బెజ్జం 7 మి.మీ. పెట్టారో, స్క్రూ ఇన్సర్టుని బావిలోంచి బొక్కెన లాగినట్టు లాగేస్తుంది.

హోల్ కట్ టైప్ దగ్గర కౌంటర్‌సింక్ పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది, స్క్రూ తల మూతలోకి మునిగి నున్నగా ఉంటుంది కదా. ప్లాస్టిక్ మూతకి వద్దు. ఆ 90 డిగ్రీల శంకువు తల బిగించేకొద్దీ కట్టెలో దిగే మేకు లాగా బెజ్జాన్ని పక్కలకి చీలుస్తుంది. నా పాత డబ్బా చీలిందీ అక్కడే. తల కింద చదునుగా ఉన్న స్క్రూ, దాని కింద 9 మి.మీ. వాషర్. బరువు పరుచుకుంటుంది. మునగాల్సిందే అంటే కౌంటర్‌బోర్ వాడండి, అందులో అడుగు చదును. అయితే అక్కడ మూత మందం తగ్గుతుందని స్క్రూ పొడవు లెక్క మళ్లీ చూసుకోవాలి, గుంతలో నిలిచే నీళ్ల సంగతీ ఆలోచించాలి.

సీలు గాడి మూత అడుగున. 2 మి.మీ. గుండ్రటి రబ్బరు తాడుకి గాడి లోతు 1.5, వెడల్పు 2.6. తాడు పాతిక శాతం నలుగుతుంది, నలిగిన రబ్బరు పక్కలకి పోవడానికి కాస్త చోటు ఉంటుంది. గాడి మధ్యగీత 108 × 68, మూలలు 6 మి.మీ. వంపుతో. జెడ్ 50 స్కెచ్ నుంచి పాకెట్ కొడితే అది మామూలుగా కిందికి, అంటే గాల్లోకి పోతుంది. రివర్స్‌డ్ పెట్టండి.

స్క్రూ బొమ్మలు దింపడం

స్క్రూలు, వాషర్ల బొమ్మలుండే వర్క్‌బెంచ్ ఫాస్టెనర్స్, అది ఫ్రీక్యాడ్‌తో పాటు రాదు. టూల్స్ మెనూలో యాడాన్ మేనేజర్ తెరిచి దించుకోవాలి, ఒకసారి రీస్టార్ట్. ఆ వర్క్‌బెంచ్‌లో, మూత బెజ్జం అంచు గుండ్రాన్ని ఎంచుకుని ఐఎస్ఓ 4762 నొక్కితే అలెన్ స్క్రూ అక్కడే కూర్చుంటుంది. వ్యాసం ఎం4, పొడవు 16 ప్రాపర్టీస్‌లో మార్చండి. తలకిందులుగా వస్తే ఇన్వర్ట్. ఆరు అంచులూ ఒకేసారి ఎంచుకుంటే ఆరూ ఒకేసారి వస్తాయి. వాషర్ ఐఎస్ఓ 7089. స్క్రూని వాషర్ పై అంచుకి తగిలిస్తే ఆ 0.8 కూడా బొమ్మలో సరిగ్గా చేరుతుంది.

అసెంబ్లీ వర్క్‌బెంచ్‌లోకి వెళ్లినవాళ్లు ఒకచోట తప్పకుండా తడబడతారు. అక్కడ స్క్రూ జాయింట్ అని ఒకటి ఉంటుంది. "స్క్రూలతో కలపడం ఇదే కాబోలు" అని నొక్కుతారు. కాదు. అది బెంచ్ వైస్‌లో మరకడ్డీ తిరిగితే దవడ జరుగుతుందే, ఆ కదలిక చూపించడానికి. తిరుగుడుని జరుగుడుకి కలిపే జాయింట్ అది. మూత కదలకుండా బాడీకి అతకాలంటే బాడీని గ్రౌండ్ చేసి, మూతకి ఫిక్స్‌డ్ జాయింట్ ఇవ్వడమే. స్క్రూలు అందులో బొమ్మలే, పని చేసేది మన లెక్క.

కోసి చూడండి

వ్యూ మెనూలో క్లిప్పింగ్ ప్లేన్ పెట్టి, ఒక స్క్రూ కేంద్రం మీదుగా మొత్తాన్ని నిలువునా కోయండి. తెర మీద నెమ్మదిగా చూడాల్సింది ఇక్కడే. స్క్రూ చుట్టూ మూతలో ఖాళీ ఉందా? కొన అడుగు తగలకుండా ఆగిందా? దిమ్మె కింద 2 మి.మీ. నేల ఉందా? గాడి స్క్రూ లోపలి వైపే ఉందా?

తర్వాత పార్ట్ వర్క్‌బెంచ్‌లో బాడీ, మూత రెండూ ఎంచుకుని కామన్ నొక్కండి. ఏమీ రాకపోతే మంచిదే, ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోలేదన్నమాట. చూశాక కంట్రోల్ జెడ్. ట్యాప్ వేసిన బెజ్జానికీ స్క్రూకీ కామన్ చూస్తే మాత్రం సన్నటి ఉంగరం కనిపిస్తుంది. 4 మి.మీ. స్క్రూ బొమ్మ, 3.3 బెజ్జం, మర చోటు అది. కంగారు పడకండి.

గుంజకి పట్టీ, ఒక చేదు కథ

డబ్బాని సరుగుడు గుంజకి పట్టే పట్టీ 5 మి.మీ. స్టెయిన్‌లెస్ ప్లేటు, ఎం6 బోల్టులతో. దాని డ్రాయింగ్‌లో నేను "6" అని రాసి ఊరుకున్నాను. షాపాయన పావు అంగుళం ట్యాప్ వేసి ఇచ్చాడు. పావు అంగుళం అంటే 6.35 మి.మీ., పాత విట్‌వర్త్ మరలో అంగుళానికి 20 చుట్లు, అంటే చుట్టుకి 1.27. ఎం6కి చుట్టుకి 1 మి.మీ. నా ఎం6 బోల్టు అందులో గలగలా రెండు చుట్లు తిరిగి వదులుగా ఊగింది. తప్పు ఆయనది కాదు, మన దగ్గర రెండు మరలూ ఒకే షాపులో పక్కపక్క డబ్బాల్లో ఉంటాయి. అప్పటినుంచి టెక్‌డ్రాలో (ఫ్రీక్యాడ్‌లో డ్రాయింగ్ తీసే వర్క్‌బెంచ్) ప్రతి మర బెజ్జానికీ "ఎం6 × 1" అని పూర్తిగా రాస్తున్నాను. స్టెప్ ఫైలు (మోడల్ ఆకారం మాత్రమే పంపే ఫైలు) ఒక్కటే పంపి ఊరుకోవద్దు, అందులో అది 5 మి.మీ. ఉత్త బెజ్జంలాగే కనిపిస్తుంది. ఆ మాటకొస్తే 5 మి.మీ. ప్లేటులో ఎం6కి మర లోతే చాలదు. ఇప్పుడు 6.6 బెజ్జం పెట్టి వెనక నట్టు వేస్తున్నాను.

ప్రింటు, బిగింపు

పీఎల్ఏ ప్లాస్టిక్‌తో చేయకండి. 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మే నెల ఎండలో గట్టు మీద మూసిన డబ్బా ఆ దరిదాపులకి పోతుంది. స్క్రూ బిగువు కింద ప్లాస్టిక్ మెల్లగా జారి, మూత వదులవుతుంది. పీఈటీజీ ఫర్వాలేదు. ఏఎస్ఏ ఎండకి ఇంకా బాగా తట్టుకుంటుంది. బాడీని నిటారుగా ముద్రిస్తే అంచు కింద సపోర్టు పెట్టక తప్పదు. మూత గాడి పైకి ఉండేలా. స్లైసర్లో (మోడల్‌ని ప్రింటర్ కోసం పొరలుగా కోసే సాఫ్ట్‌వేర్) గోడల సంఖ్య ఐదారుకి పెంచండి, దిమ్మెల బలం లోపలి నింపుడులో కాదు, గోడల్లో ఉంటుంది.

మొత్తం డబ్బా ముద్రించే ముందు ఒక్క దిమ్మెని మాత్రం కోసి ముద్రించి ఇన్సర్టు దింపి చూడండి. ఇరవై నిమిషాల పని, పదహారు గంటల ప్రింటు కాపాడుతుంది. 5.6 బిగుతైతే హోల్ పెట్టెలో ఒక్క అంకె మార్చడమే.

ఇన్సర్టు దింపడానికి సోల్డరింగ్ ఐరన్ పీఈటీజీకి 230 డిగ్రీల చుట్టుపక్కల. నొక్కకండి, ఐరన్ బరువుకే నెమ్మదిగా దిగనివ్వండి. ఒక మిల్లీమీటరు మిగిలుండగా ఐరన్ తీసి, చదునైన ఇనుప ముక్కతో అదిమి చల్లారేదాకా పట్టుకుంటే నిటారుగా, అంచుకి సమంగా కూర్చుంటుంది. అంచుపైకి పొడుచుకొస్తే మూత కూర్చోదు, అలాంటిది కనిపిస్తే మళ్లీ వేడిచేసి దింపాల్సిందే.

చెరువు దగ్గర స్క్రూ మరలకి కాస్త గ్రీజు రాయండి, ఉప్పు చేరదు, మళ్లీ విప్పేటప్పుడు స్క్రూ బిగుసుకోదు. ఆరు స్క్రూలూ ముందు చేత్తో దిగినంత దింపి, తర్వాత ఎదురెదురు మూలలుగా కొంచెం కొంచెం బిగించండి. మూత అంచు బాడీని తాకిన చోట ఆపేయాలి. అక్కడినుంచి ఇంకో పావు చుట్టు తిప్పాలని చేయి లాగుతుంది, తిప్పితే సీలుకి ఒరిగేదేమీ లేదు. అక్కడ కాపలా ఉండే కుర్రాడికి కీ ఇచ్చి "నువ్వొకసారి విప్పి బిగించు" అన్నాను. చేసి, "ఆయ్, ఇంతేనాండీ?" అన్నాడు. మూత లోపలి వైపు టేపు వేసి రెండు స్పేరు స్క్రూలు, ఒక 3 మి.మీ. అలెన్ కీ అంటించి వచ్చాను. తర్వాత గుర్తొచ్చింది, మూత విప్పడానికి కావాల్సిన కీ మూత లోపల పెట్టానని. మర్నాడు వెళ్లి ఇంకో కీని తీగతో గుంజకి కట్టాను.